నోరు తెరవని వియ్యంకుడు

ఆ ఆదివారం పొద్దున్నే బేషెనాలి అద్దం ముందు నిలబడి నవ్వడం సాధన చేశాడు. పెదవి ఎంత ఎత్తితే పళ్ళు కనిపిస్తాయో, ఇంకాస్త ఎత్తితే చిగుళ్ళ మీది ప్లాస్టిక్ ఎక్కడ బయటపడుతుందో చూసుకున్నాడు. కోచ్‌కోర్ ఊళ్ళో వియ్యాలవారింటికి వెళ్ళాలి, కాబోయే కోడలి చెవులకు కమ్మలు పెట్టించాలి, రెండు ముక్కలు తినాలి, నాలుగు మంచిమాటలు చెప్పి పొద్దు వాలకముందే తమ ఊరు నరీన్ తిరిగి రావాలి. అంతే పని. ఇందులో బోల్తా పడడానికేముంది అనుకున్నాడు పాపం.

మొన్నమొన్నటిదాకా అతని పైవరసలో నాలుగు బంగారు పళ్ళుండేవి. ముప్పై ఏళ్ళ క్రితం పెట్టించుకున్నప్పుడు వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఇప్పటివాళ్ళకు అవి నవ్వులాట. మొదటిసారి పిల్లను చూడ్డానికి వెళ్ళినప్పుడు, అతను నోరు తెరిచినప్పుడల్లా రాజధాని బిష్కెక్ నుంచి దిగిన పిల్ల పిన్నమ్మలిద్దరూ తలగుడ్డల కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. తిరిగొచ్చిన వారానికే, కమ్మల కోసం దాచిన డబ్బంతా పట్టుకెళ్ళి పళ్ళ డాక్టరు చేతిలో పోసి, ఇంప్లాంట్లు పెట్టమన్నాడు.

డాక్టరు బంగారు పళ్ళు నాలుగూ పీకి, దవడ ఎముకలోకి నాలుగు మరలు బిగించాడు. ఎముక వాటిని గట్టిగా పట్టుకోవడానికి మూడు నెలలు పడుతుందన్నాడు. అసలు పళ్ళు ఆ తర్వాతేనట. అందాకా పెట్టుకోమని ఒక ప్లాస్టిక్ పళ్ళసెట్టు ఇచ్చి, గట్టివేవీ కొరకొద్దని పదిసార్లు చెప్పాడు. సాయంత్రానికల్లా కొత్త నోటితో ఇంటికెళ్ళొచ్చనుకున్న బేషెనాలికి నీరసం వచ్చింది. పైగా ఇప్పుడు కమ్మలకు డబ్బు లేదు. ఆ లోటు ఎలా పూడ్చాడో అతనికీ, బజారులో ఉన్న కంసాలికీ తప్ప మూడో మనిషికి తెలియదు. పీకిన బంగారు పళ్ళను డాక్టరే ఫీజు కింద ఉంచేసుకున్నాడని భార్య కలీపాతో చెప్పాడు. ఆవిడ డాక్టరును మూడు రోజులు తిట్టింది.

కొడుకు ఎల్దియార్ కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో కలీపా ఒళ్ళో కురుత్ సంచి ఉంది. పెరుగును ఉప్పేసి ఉండలు చేసి రాయిలా ఎండబెట్టిన సరుకది. కారెక్కాక కురుత్ నోట్లో వేసుకోని మనిషి ఆ జిల్లాలోనే లేడు. బేషెనాలి కూడా కంగారులో, అలవాటు కొద్దీ, ఒకటి తీసి వేసుకుని కొరికాడు.

"ఏమయ్యా, ఆ చప్పుడేంటి?" అంది కలీపా.

"కురుత్."

"కురుత్ అలా మోగదే."

బేషెనాలి అరచేతిలోకి ఉమ్మి చూపించాడు. కురుత్ చెక్కుచెదరలేదు. పళ్ళసెట్టు మాత్రం రెండు ముక్కలైంది.

"చిన్నపిల్లాడివా నువ్వు? డాక్టరు ఏం చెప్పాడు?"

"ఉన్నమాట చెప్పేద్దాం నాన్నా," అన్నాడు ఎల్దియార్. "తప్పేముంది?"

"మీ మామ రెండేళ్ళు తిప్పించుకుని ఒప్పుకున్నాడురా. ఇప్పుడీ బోసినోరేసుకుని వాళ్ళ గుమ్మం ఎక్కనా? ఆ పిన్నమ్మలు నేను చచ్చేదాకా చెప్పుకుని నవ్వుతారు. గొంతు పోయిందని చెప్పండి. నేను నోరు తెరవను." ముక్కలు రెండూ జేబులో వేసుకున్నాడు.

వియ్యంకుడు ఒరోజ్‌బెక్ గేటు దాకా ఎదురొచ్చి కావలించుకున్నాడు. బేషెనాలి పెదవులు బిగించి తలూపాడు. గొంతు పట్టేసిందని కలీపా చెప్పింది. టీ అయ్యాక ఆవిడే లేచి, పిల్ల సాయ్కల్ చెవులకు కమ్మలు పెట్టింది. సాయ్కల్ ముఖం వెలిగిపోయింది.

"ఎంత పచ్చగా ఉన్నాయో," అంది ఒక పిన్నమ్మ, మెడ సాచి. "ఎక్కడ కొన్నారు వదినా?"

"మా ఆయనే ఎంచి తెచ్చాడు," అంది కలీపా గర్వంగా. బేషెనాలికి చెవులు కాలిపోయాయి. తలెత్తకుండా గిన్నెలో మిగిలిన టీ తాగాడు.

అప్పుడొచ్చింది పళ్ళెం. ఉడికించిన గొర్రె తోక కొవ్వూ, కాలేయమూ సన్నగా కోసి కలిపి, వియ్యంకుడి నోట్లో చేత్తో పెడతారు. అది మింగితే సంబంధం ఖాయం, మింగకపోతే లేనట్టే. గొంతు నొప్పి ఉన్నవాడికి కూడా ఇందులో మినహాయింపు లేదు. ఒరోజ్‌బెక్ వేళ్ళ మధ్య ముక్క పట్టుకుని, "కానివ్వండి బావగారూ," అంటూ నోటి దగ్గర పెట్టాడు. పిన్నమ్మలిద్దరూ ఎదురుగానే కూర్చుని చూస్తున్నారు. బేషెనాలి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఒరోజ్‌బెక్ మొహంలో రంగు మారింది. కానుకలు చాలలేదు కాబోలనుకుని భార్య చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ లోపలికెళ్ళి, పెట్టుబడికని ఉంచిన మామూలు కోటు వదిలేసి, ఒరోజ్‌బెక్ తన కోసం దాచుకున్న కుట్టుపని మఖమల్ కోటు తెచ్చి బేషెనాలి భుజాల మీద కప్పింది. మళ్ళీ ముక్క నోటిదాకా వచ్చింది. బేషెనాలి మళ్ళీ తల అడ్డంగా ఊపాడు.

"నరీన్ వాళ్ళు గట్టివాళ్ళని విన్నాను గానీ, మరీ ఇంతా?" అంది పిన్నమ్మ, వినపడేట్టుగానే.

"మామయ్యా, అది కాదు..." అని ఎల్దియార్ లేవబోయాడు.

"నువ్వుండు బాబూ. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడకు." ఒరోజ్‌బెక్ బయటికెళ్ళి, తన ఎర్ర గుర్రాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి, పగ్గం కొస కిటికీలోంచి లోపలికందించి వియ్యంకుడి చేతిలో పెట్టాడు. బేషెనాలికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. వద్దు వద్దని రెండు చేతులూ గాలిలో ఊపాడు. చూసినవాళ్ళందరికీ ఇదీ చాలదన్నట్టే కనిపించింది.

ఒరోజ్‌బెక్ లోపలికొచ్చి కూలబడ్డాడు. "ఇంక నా దగ్గరేం లేదు బావగారూ. ఒక్క ఆవుంది. పాలిస్తోంది. అదీ కావాలంటే తోలుకెళ్ళండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ సాయ్కల్ ఏడుపు దిగమింగుకుంటూ ముందుకొచ్చింది. "నేను నచ్చకపోతే ఆ మాటే చెప్పండి మామయ్యా. మా నాన్నను ఇలా ఒలుచుకోకండి." చేతులు చెవులకు పోయాయి. ఎడమ చెవి కమ్మ సగం బయటికి వచ్చింది.

కొడుకు మొహం చూశాడు బేషెనాలి. పిన్నమ్మలు నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. "తియ్యకమ్మా," అని నోరు పూర్తిగా తెరిచాడు. మధ్యలో పెద్ద ఖాళీ, చిగుళ్ళలో నాలుగు మరల తలలు మిలమిలా మెరుస్తున్నాయి. జేబులోంచి ప్లాస్టిక్ ముక్కలు తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. "నాకు పళ్ళు లేవు బావగారూ. సిగ్గేసి నోరు మూసుకున్నాను. పిల్ల బంగారం. గుర్రమూ వద్దు, ఆవూ వద్దు." ప్రతి మాటలోనూ సగం గాలే ఉంది.

ఒరోజ్‌బెక్ గట్టిగా ఊపిరి వదిలాడు. అక్కడితో అయిపోయేదే. కానీ మూల పరుపు మీద కూర్చున్న అతని తల్లి ఉల్కాన్ అవ్వ ముందుకు వంగింది.

"కిందటిసారి నీ నోట్లో బంగారం ఉండేది కదూ? అది చూసే కదా నేను మావాణ్ణి ఒప్పించాను. నోటినిండా బంగారం పెట్టుకు తిరిగేవాడు కోడలికి తిండి పెట్టడా అన్నాను. ఏదీ ఆ బంగారం?"

బేషెనాలి కళ్ళు, అతని మాట వినకుండా, సాయ్కల్ చెవుల మీదికి పోయాయి. అవ్వ కళ్ళు వాటి వెంటే వెళ్ళాయి. తర్వాత గదిలో ఉన్నవాళ్ళందరివీ.

"డాక్టరు ఉంచేసుకున్నాడన్నావు," అంది కలీపా, చాలా మెల్లగా.

మఖమల్ కోటులో బేషెనాలి కుంచించుకుపోయాడు. అరవై ఏళ్ళ బతుకులో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. సాయ్కల్ సగం ఊడిన కమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే నిలబడింది.

"కడిగించారా మామయ్యా?"

"కరిగించానమ్మా."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. కమ్మను మళ్ళీ చెవిలోకి తోసి, పళ్ళెంలోంచి ముక్క తీసి, తనే అతని నోట్లో పెట్టింది. "కొరకక్కర్లేదు. మింగేయండి."

మింగాడు. పిన్నమ్మలు ఈసారి కొంగులు అడ్డం పెట్టుకోలేదు, బాహాటంగానే నవ్వారు. ఒరోజ్‌బెక్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు గానీ, గుర్రాన్ని తిరిగి తీసుకోమంటే మాత్రం ఒప్పుకోలేదు. పగ్గం చేతిలో పెట్టాక వెనక్కి తీసుకోవడం ఆ ఊళ్ళో లేదు.

పెళ్ళినాటికి అసలు పళ్ళు వచ్చాయి, ముత్యాల్లా, నాలుగూ తెల్లగా. బేషెనాలి పొద్దుటినుంచి సాయంత్రం దాకా గుమ్మంలో నిలబడి అందరికీ నవ్వుతూ స్వాగతం చెప్పాడు. వచ్చినవాళ్ళంతా అతన్ని దాటుకుని, కోడలి చెవులు చూడ్డానికి లోపలికి వెళ్ళారు.