గాదెలో డ్యూకుగారు

ఆగండాగండి, ఆ చేతిలో పని పక్కన పెట్టి ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి. ఇది వినకుండా వెళ్ళిపోతే తర్వాత మీరే బాధపడతారు.

డెబ్బై ఎనిమిది డిసెంబరు. రాజోలుకి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు మీద సత్యానందం మాస్టారి పెంకుటిల్లు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడు, చర్చిలో సంఘ పెద్ద. కాకినాడలో బి.ఏ. చదువుతున్న కూతురు సుందరి క్రిస్మస్ సెలవులకి వచ్చింది. ఆ పొద్దున్న ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అమ్మా నాన్నా చర్చిలో రంగు కాగితాలు కట్టడానికి వెళ్ళగానే, దాచిపెట్టిన ఇంగ్లీషు నవల తీసి మూడు అధ్యాయాలు చదివెయ్యడం. అంతే!

నవలంటే ఎలాంటిదనుకున్నారు! ఇంగ్లండులో రాజుగారికి మతి చెడి, కొడుకు రాజ్యం చూసుకునే రోజుల నాటి ప్రేమకథ. గుర్రబ్బళ్ళు, డాన్సులు, విసనకర్రల చాటున మాటలు. హీరో ఒక డ్యూకు. హీరోయిన్ గ్లౌజు కింద పడితే, అది తీసి ఇవ్వడానికి ఆ మహానుభావుడికి నలభై పేజీలు పట్టింది. ఆ నలభై పేజీలూ సుందరి దిండు కొరుక్కుంటూ చదివింది.

చిక్కల్లా నాన్నతోనే. "నవలన్నది నా కంటబడిందో, కాలేజీ మానిపించేస్తాను," అని ముందే చెప్పేరు. ఆయన చెప్పేరంటే చేస్తారు. అందుకే సుందరి పుస్తకాన్ని గాదెలో, ధాన్యం కింద మోచేతి లోతున పాతిపెట్టింది. చదివినంతవరకూ గుర్తుగా ఒక కొబ్బరీనె పెట్టింది. ఆ గాదె గదిలోనే మేనత్త అమ్మాజీ మంచం. డెబ్బై ఏళ్ళావిడ, తెలుగు బైబిలు తప్ప ఇంకో పుస్తకం ముట్టదు. ఆవిడ వల్ల భయం లేదు.

ఆ పొద్దున్న మంచు ఎంత దట్టంగా పడిందంటే, కొబ్బరిచెట్లకి మొదళ్ళు కనబడట్లేదు, తలలు మాత్రం గాల్లో వేలాడుతున్నాయి. సుందరి గాదెలో చెయ్యి పెట్టబోయింది. పుస్తకం ధాన్యం పైనే ఉంది! అయిదో అధ్యాయంలో ఉండాల్సిన ఈనె ఎనిమిదిలో ఉంది. తనే మర్చిపోయిందనుకుని మళ్ళీ లోతుగా పాతింది. మర్నాడు చూస్తే పదకొండు. మూడోనాడు పధ్నాలుగు. పేజీలు ముట్టుకుంటే కాలవ నీళ్ళలా చల్లగా తగిలేయి. ధాన్యం మీద ఎవరో కూర్చుని లేచినట్టు చిన్న గుంట.

సుందరి వంటింట్లోకి పరిగెత్తింది.

"అమ్మా, గాదె గదిలో ఎవరో నా ఇంగ్లీషు పాఠం పుస్తకం చదువుతున్నారే!"

"మనింట్లో ఇంగ్లీషు ఎవరికొచ్చే?" అంది మేరీ చేటలో బియ్యం ఆపి. "నాకు వేలిముద్ర. మీ నాన్న టెలిగ్రాం వస్తే పోస్టుమాస్టారి చేత చదివించుకుంటారు. మీ అత్త సంగతి తెలిసిందే."

"అయితే దెయ్యమేమోనే!"

"చాల్లే. మన ఊరి దెయ్యాల్లో మెట్రిక్ ప్యాసైంది ఎవరే?"

ఆ మాటతో ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. కాలవకి అవతల పాత సమాధుల తోటలో తెల్లరాతి సమాధి. ఇరవై రెండేళ్ళకే జ్వరమొచ్చి పోయిన మిషను దొరసానిది.

మేరీ ఆ మాట పక్కింటి సాలమోనుకి ఒక్కడికే చెప్పింది, అదీ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. పన్నెండింటికి సాలమోను మంచులో తెల్ల గౌను చూశానన్నాడు. మూడింటికి ఆ గౌను చూసినవాళ్ళు తొమ్మిదిమంది అయ్యేరు. చేపల వీరాయమ్మకైతే కాలవ గట్టు మీద గుర్రపు డెక్కల చప్పుడు కూడా వినబడిందిట. గుర్రాల సంగతి నవలలో ఉంది కానీ సుందరి ఎవరికీ చెప్పలేదు!

మర్నాడు సాయంత్రం నాలుగింటికి వాళ్ళింట్లోనే ప్రార్థన కూటం. అబ్రహాము పాస్టరుగారు వచ్చేరు. వీధి అరుగు దాకా జనం. సత్యానందం మాస్టారు లేచి, "ఆ దొరసాని ఈ ఇంగ్లీషు చదువు వాసనకే వచ్చిందండి. చదువు లేకపోతే ఆవిడా ఉండదు. జనవరి నుంచి మా అమ్మాయి కాలేజీకి వెళ్ళదు," అనేశారు.

సుందరికి కాళ్ళ కింద చాప జారిపోయినట్టయింది. నిజం చెబితే నవలకి కాలేజీ పోతుంది, చెప్పకపోతే దెయ్యానికి పోతుంది! అప్పుడే పాస్టరుగారు, "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగేరు. కూటంలో సాక్ష్యమంటే మాటలు కాదు. అక్కడ నిలబడి అబద్ధమాడిన మనిషి ఆ చుట్టుపక్కల పుట్టలేదు. సుందరి లేవబోయింది. ఆమె కంటే ముందు అమ్మాజీ లేచింది.

"ఆ గదిలో ఇంగ్లీషు చదివేదెవరో నాకు తెలుసండీ అయ్యగారూ. ఆవిడ వల్ల ఎవరికీ కీడు లేదు. మర్యాదస్తురాలు. పిల్ల కాలేజీ మానితే మాత్రం ఆవిడ బెంగపెట్టుకుంటుంది. పుస్తకాలు రావు కదండీ మరి."

"ఆయ్," అన్నాడు సాలమోను.

సాక్ష్యం చెప్పాక సంఘ పెద్దయినా కాదనడానికి లేదు, మాస్టారు కాలేజీ మానిపించే మాట వెనక్కి తీసుకున్నారు. సుందరికి అప్పుడు వెలిగింది. చిన్నప్పుడు అత్తయ్య మిషను బంగళాలో దొరల పిల్లల్ని ఆడించింది కదా! పదేళ్ళు అక్కడుంటే ఇంగ్లీషు రాదూ? అమ్మ దొంగా! డ్యూకుగారిని ఇన్నాళ్ళూ చాటుగా చదివింది నువ్వా! పాటల పుస్తకంలో మొహం దాచుకుని నవ్వు ఆపుకుంది.

జనవరి రెండో తారీఖు, రోడ్డు మీద అమలాపురం బస్సు. మాస్టారు స్వయంగా పెట్టె మోసుకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించేరు.

"వేసవికి వచ్చేటప్పుడు ఆవిడకి నచ్చే రకం పుస్తకాలు ఇంకో రెండు పట్రామ్మా. గొడవెందుకు మనకి?"

నవలలు తెమ్మని నాన్న! సుందరి ఉబ్బితబ్బిబ్బై బస్సెక్కి, కిటికీలోంచి వంగి, సాగనంపడానికి వచ్చిన అత్తయ్య చెవిలో గుసగుసలాడింది.

"డ్యూకుగారు నచ్చేరా అత్తయ్యా? ఇంగ్లీషు వచ్చని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నాకు ఇంగ్లీషేంటే పిచ్చిపిల్లా?" అంది అమ్మాజీ. "ఉయ్యాల ఊపడానికి ఇంగ్లీషెందుకు? ఆవిడొచ్చి చదువుకుంటుంటే, వెలుతురు పడేలా కిటికీ తలుపు తీసిపెట్టేదాన్ని. అంతే."

బస్సు కదిలింది. అమ్మాజీ నాలుగడుగులు పక్కనే నడిచి, "అన్నట్టు, ఈసారి ఆవిడ కాస్త పెద్దక్షరాలవి చూడమందే!" అని కేకేసింది.

వేసవి సెలవులకి ఇంకా నాలుగు నెలలు. చెప్పండి, మీరైతే ఆ రెండు పుస్తకాలూ పట్టుకుని ఇంటికి వెళ్తారా, హాస్టల్లోనే ఉండిపోతారా?