విచారణ లేకుండా తొలగించిన ఫైళ్లు

దేవుడు అంతటా ఉన్నాడని చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాను. కానీ ఏళ్ల తరబడి ఒక సందేహం నన్ను వదలడం లేదు. అంతటా ఉన్న ఆయన ఏదైనా ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవలసి వస్తే, 'ప్రస్తుతం ఉన్న చోటు' అనే గడిలో ఏం రాస్తాడు? 'అంతటా' అని రాస్తే గడి ఒప్పుకోదు. ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు కదలదు. (ఈ సందేహం భక్తి తగ్గడం వల్ల వచ్చింది కాదు. నీటి సరఫరా కార్యాలయంలో ఉద్యోగం చేయడం వల్ల వచ్చింది.)

మానవజాతి చరిత్రలో నీటికి మూడు దశలున్నాయి. మనుషులు నీళ్ల దగ్గరికి వెళ్లిన దశ మొదటిది. నీళ్లు మనుషుల దగ్గరికి వచ్చిన దశ రెండోది. నీళ్లూ మనుషులూ ఎదురెదురుగా నిలబడి, పరికరం ఏమంటుందో అని ఎదురుచూసే దశ మూడోది. ఈ మూడో దశలో నేను వాల్వు మనిషిని. రోడ్డు కింద ఉండే వాల్వులను పొడవాటి ఇనుప తాళంతో తిప్పి, వీధులకు నీళ్లు వదలడం, ఆపడం నా పని.

ఒకప్పుడు ఏ వాల్వు ఎక్కడుందో నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది. ఇది పెద్ద లోపమని పైవాళ్లు కనిపెట్టారు. నేను రిటైరైతే వాల్వులు కూడా నాతోపాటు రిటైరవుతాయని వాళ్ల భయం. అందుకని మా అందరికీ చేతిలో పట్టేంత జీపీఎస్ పరికరం ఒకటి ఇచ్చి, ఉత్తర్వు వేశారు: "వాల్వు ఉన్న చోట వాల్వు ఉన్నట్టు పరికరం ధ్రువీకరించిన తరువాత మాత్రమే దానిని వాల్వుగా పరిగణించవలెను." అంతవరకూ అది మూత ఉన్న గుంట.

ఒకరోజు పొద్దున్నే మూడో సందులో పైపుకి అతుకు వేయాలని చెబితే, పరికరం ధ్రువీకరించాక, అక్కడి వాల్వు కట్టేశాను. అతుకు వేసేవాళ్లు పనిలో ఉండగా పరికరం తెర మీద 'చోటు చాలదు' అని వచ్చింది. ఊరందరికీ చోటు చూపించే వస్తువుకి తన లోపలే చోటు లేదంటే నాకు జాలేసింది. ఏమేం పెట్టుకుందో చూద్దామని తెరిచాను. వాల్వుల ఫొటోలున్నాయి, అవి నావే. రెండు భక్తిపాటలున్నాయి, అవీ నావే. ఆ పక్కన 'సిస్టమ్' అనే పెట్టెలో మూడు వందల చిల్లర ఫైళ్లున్నాయి. వాటిలో ఒక్కటీ నేను పెట్టింది కాదు, ఒక్కటీ ఏనాడూ తెరిచింది కాదు. మనది కానిది మన దగ్గర ఉంచుకోకూడదని మా నాన్న నేర్పారు. 'తొలగించాలా?' అని పరికరం అడిగింది. అవునన్నాను. 'ఖచ్చితంగా?' అంది. మాట మార్చే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ తర్వాత అది నన్ను ఇంకేమీ అడగలేదు. తెర మీద కంపెనీ గుర్తు కనిపిస్తుంది, పోతుంది, మళ్లీ కనిపిస్తుంది. అంతే.

మధ్యాహ్నానికి పైపు బాగైంది. వాల్వు తిప్పితే నీళ్లొస్తాయి. సందులో నలభై ఇళ్ల కొళాయిలు ఎండిపోయి ఉన్నాయి. వాటిలో నాలుగో ఇల్లు మా అత్తగారిది. వాల్వు మూత సరిగ్గా ఆవిడ గేటు ముందే ఉంది. ఆవిడ కుర్చీ వేసుకుని దాని పక్కనే కూర్చున్నారు.

"అల్లుడుగారూ, వాల్వు ఇదేగా?"

"ఇదేనండీ అత్తయ్యగారూ."

"తాళం మీ చేతిలోనే ఉందిగా?"

"ఉందండీ."

"మరి తిప్పండి."

"ఇది వాల్వని ఇంకా తేలలేదండీ."

ఆవిడ కాసేపు మూత వైపు, కాసేపు నా ముఖం వైపు చూశారు. "సంబంధం చూసేటప్పుడు మీ గురించి పదిమందిని వాకబు చేశాం. ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు" అన్నారు.

పై వాటాలోంచి ఒకమ్మాయి తొంగిచూసింది. చేతుల్లో నెల్లాళ్ల బిడ్డ. "అంకుల్, బిడ్డ గుడ్డలన్నీ సబ్బులో నానబెట్టేశాను. జాడించడానికి చుక్క లేదు. ఎప్పుడొస్తాయి?" అని అడిగింది. తాళం తిప్పడానికి అర నిమిషం పట్టదు. కానీ పరికరం ఒప్పుకోకుండా తిప్పినవాడి మీద 'గుర్తుతెలియని గుంటలో అనధికార ప్రవేశం' కింద చర్య ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన ఆ కేసులోనే ఇంట్లో కూర్చున్నాడు.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను.

"సార్, మీ పరికరం ప్రస్తుతం ఎక్కడుంది?"

"నా చేతిలో ఉందమ్మా."

"చెయ్యి ఎక్కడుంది సార్?"

"మా అత్తగారి గేటు ముందు."

"ఆ ఆప్షన్ లేదు సార్. ఎక్కడుందో పరికరంలో చూసి చెప్పండి."

"అది పనిచేయడం లేదనే కదమ్మా ఫోన్ చేసింది."

"పనిచేయని పరికరాల వివరాలు పరికరం నుంచే పంపాలి సార్. మా సేవతో మీరు తృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి." (రెండు నొక్కితే మళ్లీ ఒకటి నొక్కమంటుంది.)

చేసేది లేక ఆఫీసులో స్థాన నిర్ధారణ విభాగానికి వెళ్లాను. అక్కడి సూపరింటెండెంటుగారు చాలా మంచి మనిషి. ఉద్యోగం వేళల్లో తప్ప ఎవరినీ ఇబ్బంది పెట్టరని పేరు.

"ఏమైందయ్యా?"

"ఫైళ్లు తొలగించానండీ."

ఆయన కళ్లజోడు తీశారు. "తొలగించావా? ఎంతమందిని?"

"మూడు వందల చిల్లరండీ."

"ఎవరి ఉత్తర్వుతో?"

"ఉత్తర్వు లేదండీ. వేలితో."

"సంజాయిషీ నోటీసు ఇచ్చావా? విచారణ జరిపావా? తమ వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చావా?"

"అవి మనుషులు కావండీ, పరికరం లోపలి ఫైళ్లు."

"తొలగింపు అంటే తొలగింపేనయ్యా. రూల్సులో ఆ మాటకి ఒకటే అర్థం. మనిషైతే ఒకటి, ఫైలైతే ఒకటి అని పక్షపాతం చూపించమంటావా?"

ఆయన తన ఎదుటే కూర్చోబెట్టి నాచేత ఒక్కో ఫైలుకీ ఒక్కో నోటీసు రాయించారు. 'మీరు విధుల్లో లేకపోవడానికి కారణం తెలుపగలరు' అని. వాటిని నోటీసు బోర్డుకి అంటించాం. చీకటి పడేదాకా ఒక్క ఫైలూ జవాబివ్వలేదు. జవాబివ్వలేదు కనుక అవి తొలగింపును అంగీకరించినట్టేనని ఆయన తేల్చారు. తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలంటే అవి స్వయంగా హాజరై కోరుకోవాలట.

ఇంటి నుంచి ఫోన్. "ఏమండీ, అమ్మకి మనింటి నుంచి రెండు క్యాన్లు మోసుకెళ్లాను. అవి కూడా పై వాటా అమ్మాయికి ఇచ్చేసింది. మీ ఫైళ్లు దొరికాయా?"

"హాజరు కావాల్సి ఉంది."

"అన్నం తిన్నారా?" అని అడిగి పెట్టేసింది. నా భార్య నా గురించి కంగారు పడిందంటే అలాగే అడుగుతుంది.

మర్నాడు పొద్దున నా ముఖం చూసి పొడుగాయన ఆగాడు. పక్క వార్డు వాల్వు మనిషి. ఆయన తల వంచకుండా వెళ్లగలిగే గుమ్మం మా ఆఫీసులో లేదు.

"ఏంటి తమ్ముడూ, చచ్చిందా నీ డబ్బా? నాదీ అదే రకం. నా ఫైళ్లు దాన్లోకి ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది. వైరుతో కంప్యూటర్‌కి తగిలించి, రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకోవాలి. అంతే."

"తీసుకున్నట్టు తెలిస్తే గొడవ అన్నా."

"తీసుకోవడం ఎందుకు? అడుగుదాం పద."

సూపరింటెండెంటుగారు రూల్సు పుస్తకం తిరగేశారు. ఆయన ముఖం వికసించింది. ఒక వార్డులో పనిచేస్తున్న సిబ్బందిని ఇంకో వార్డుకి తాత్కాలికంగా డిప్యుటేషన్ మీద పంపవచ్చునట. వెంటనే ఉత్తర్వు మొదలుపెట్టారు. పరికరాల మధ్య దూరం రెండు జానలే కనుక ఫైళ్లకు ప్రయాణ భత్యం వర్తించదని స్పష్టం చేశారు. ఫైళ్లు ఎక్కడానికి టీ తాగినంత సేపు పట్టింది. వాటిని పాత వార్డు నుంచి విడుదల చేసే సంతకం కోసం సాయంత్రం దాకా కూర్చున్నాం.

పరికరం లేచింది. తెర మీద 'స్వాగతం' అని, దాని కింద పొడుగాయన ఉద్యోగి నంబరు.

"అన్నా, ఇది నన్ను నువ్వనుకుంటోంది."

"అనుకోనీ. వంగి నడువు, నమ్ముతుంది. ముందెళ్లి నీళ్లు వదులు, పసిబిడ్డ ఉందన్నావుగా."

ఒక్క పరుగున మూడో సందుకి వెళ్లాను. జనం బిందెలూ బకెట్లూ పట్టుకుని గేట్ల దగ్గర నిలబడి ఉన్నారు. మూత దగ్గర పరికరం పట్టుకున్నాను. అది కాసేపు ఆకాశంతో సంప్రదించి, మెత్తని గొంతుతో అంది: "మీరు చేరవలసిన చోటికి చేరుకున్నారు."

"చాలా సంతోషం. మేం ముప్పై ఏళ్ల క్రితమే చేరుకున్నాం" అన్నారు మా అత్తగారు.

తాళం దింపి తిప్పాను. కొళాయిలు ముందు దగ్గాయి, తర్వాత ఎర్రగా కక్కాయి, ఆ తర్వాత తేటపడ్డాయి. పై వాటాలో బకెట్టులోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. మా అత్తగారు మొదటి గ్లాసు నాకే ఇచ్చారు. "కూర్చోండి బాబూ, ఎప్పుడనగా తిన్నారో ఏమో" అన్నారు. ఆవిడ నన్ను బాబూ అనడం అదే మొదటిసారి.

నెలాఖరున రికార్డు వచ్చింది. పొడుగాయన ఒకే రోజు, ఒకే వేళకు, రెండు వార్డుల్లో విధులు నిర్వర్తించాడు కనుక ఆయనకు ఒక అదనపు రోజు హాజరు, ప్రశంసాపత్రం. నేను ఆ రోజు ఎక్కడా లేను. గైర్హాజరుకి కారణం రాయమన్నారు. 'పనిలో ఉన్నాను' అని రాశాను.

సూపరింటెండెంటుగారు చదివి నిజంగా బాధపడ్డారు. "నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసయ్యా. కానీ ఈ కారణం మీద సెలవు ఇవ్వడానికి లేదు. జ్వరమని రాయి."

రాశాను. అక్కడికక్కడే మంజూరైంది.

పొడుగాయన ప్రశంసాపత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. దాన్ని ఏం చేయాలో తోచక మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. మా అమ్మాయి పుట్టిన రోజున నా వార్డు వాల్వులు కూడా ఆయనే తిప్పాడు. ఆ ఒక్క రోజు డ్యూటీ ఎప్పుడు తీరుస్తానన్నా "చూద్దాంలే తమ్ముడూ" అనేవాడు. అమ్మాయి ఇప్పుడు తనే ఉద్యోగానికి వెళుతోంది.

"ఇక సరిపోయింది అన్నా, ఆ రోజు నీకు జమయింది" అన్నాను.

"సరిపోయింది" అన్నాడు.

అలా నా బాకీ తీరిపోయింది. రికార్డు ప్రకారం, తీర్చే సమయానికి నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను.