మర్యాదగా చేసిన హెచ్చరిక

యంత్రానికి కూడా వాక్‌స్వాతంత్ర్యం ఉండాలని భీమవరం పట్టణంలో మొట్టమొదట ప్రకటించినవాడు విజయ్ పాల్. గట్టుమీద టెక్నాలజీస్ అనే కంపెనీలో అతను టీమ్ లీడ్. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ల ఫ్యాన్లను ఎవరి చెయ్యీ పడకుండా తిప్పే ప్రోగ్రాము ఆ కంపెనీది. ఆ ప్రోగ్రాము అంతా ఏళ్ల తరబడి వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ తలా కాస్త రాసి వదిలేసిన స్క్రిప్టుల కుప్ప. అందులో ఏదైనా తేడాగా కనిపిస్తే, "ఆగిపోను గానీ, ఇది ఒకసారి చూసుకోండి" అని కంప్యూటరు చెప్పే సౌకర్యం ఒకటుంది. దాన్నే వార్నింగ్ అంటారు. కంపెనీ పుట్టినప్పటి నుంచీ అది ఆపేసే ఉంది. (ఎవరు ఆపారో తెలియదు. ఎవరైనా ఆపి ఉండవచ్చు. అంతటి శాంతస్వభావులు అందరూ.)

ఒక సోమవారం ఉదయం విజయ్ పాల్ అందరినీ పిలిచి, నాణ్యత గురించి ఉపన్యాసం ఇచ్చి, ఒకే ఒక్క లైను రాసి వార్నింగులు ఆన్ చేశాడు. భోజనానికి వెళ్లి వచ్చేసరికి కూడా అవి తెర మీద పారుతూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ తన ఫైళ్లవేనని అతను గమనించాడు. ఆ సంగతి ఉపన్యాసంలో లేదు గనుక ఎవరికీ చెప్పలేదు.

ముందుగా నొచ్చుకున్నది దేవకుమారి గారు. ఆఫీసులో అందరికన్నా సీనియర్ ఆవిడే.

"ఏంటండీ విజయ్ గారూ, మా అత్తగారు కూడా నాకు ఇంతవరకూ వార్నింగ్ ఇవ్వలేదండి. ఈ కంప్యూటరు ఇస్తుందా?"

"మీకు కాదండి. కోడ్‌కండి."

"కోడ్ రాసింది నేనే కదండీ. అందరూ చూస్తుండగా నా ఫైలు పేరుతో సహా పడుతుందండి అక్కడ."

సంగతి యజమాని గోపాలకృష్ణంరాజు గారి దాకా వెళ్లింది. ఆయన తెర వంక చూసి, చాలాసేపు బాధపడ్డారు.

"చెప్పొద్దనట్లేదండి విజయ్ గారూ. చెప్పే పద్ధతొకటి ఉంటుంది కదండీ. ఒక అండీ లేదు, ఒక గారూ లేదు. మొహం మీద అనేస్తే ఎలాగండి?"

ఆ సాయంత్రమే హెచ్చరికల మర్యాద ఉపసంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు విజయ్ పాల్. (వార్నింగులు తెచ్చినవాడే వాటికి సంస్కారం నేర్పాలన్నది రాజుగారి తీర్పు.) తప్పు, లోపం, పొరపాటు అనే మాటలు నిషేధించారు. ఏకవచన సంబోధన కూడదన్నారు. "ఈ పేరుకు విలువ ఇవ్వలేదు, సున్నాగా తీసుకున్నాను" అని కంప్యూటరు మొరటుగా అనేదాన్ని విజయ్ పాల్ స్వయంగా ఇలా దిద్దాడు: "అన్యథా భావించకండి. ఈ పేరు గల వారు మాకు ఎక్కడా తారసపడలేదండి. తమకు అభ్యంతరం లేదని తలచి, వారిని సున్నాగా భావించి ముందుకు సాగుతున్నామండి."

రాజుగారు అది చదివి, "ఇప్పుడు బావుందండి," అన్నారు.

అయితే ఎంత మర్యాదస్తుడైనా పని వేళల్లో గుమ్మంలో నిలబడితే ఇబ్బందే. అందుకని వార్నింగులు తెర మీదకు రాకుండా 'గౌరవనీయ సూచనలు' అనే మెయిల్‌బాక్సుకు పోయేలా రెండో తీర్మానం చేశారు. దాన్ని ఎవరు తెరవాలన్నది మూడో తీర్మానంలో తేల్చాలి. మూడో సమావేశం జరగలేదు. తెర నిర్మలంగా ఉంది. దేవకుమారి గారు మళ్లీ నవ్వుతూ పలకరిస్తున్నారు. విజయ్ పాల్‌కు ఇంత కంటినిండా నిద్ర ఎప్పుడూ పట్టలేదు.

ఆ ఉత్సాహంలో అతను తన స్క్రిప్టులు శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. ఆక్సిజన్ ఎంతకు పడిపోతే ఏరియేటర్లు తిరగాలో చెప్పే అంకెకు 'కనీస హద్దు' అని పేరుండేది. పొడుగ్గా ఉందని దాన్ని 'హద్దు' చేశాడు. ఒక్క ఫైలులోనే చేశాడు. పక్క ఫైలు పాత పేరునే వెతుక్కుంది, దొరక్క సున్నా అనుకుంది. సున్నా కన్నా కిందికి ఏ చెరువులోనూ ఆక్సిజన్ పడదు గనుక, ఏరియేటర్లు తిరగాల్సిన అవసరం ఇక లేదని ప్రోగ్రాము నిశ్చింతగా తేల్చుకుంది.

ఆ కొత్త ఫైలును మొదట ఎక్కించింది కాళ్ల అనే ఊరి దగ్గర అప్పారావు అనే కౌలు రైతు చెరువుకు. ఆ వారం ముసురు పట్టి, ఎండ లేక చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. తెల్లవారుతుండగా ఫోను మోగింది.

"విజయ్ గారండీ, అప్పారావునండి. రొయ్యలన్నీ పైకొచ్చేసినయ్యండి. ఫ్యాన్లు తిరగట్లేదు. చేత్తో ఆన్ చేశానండి. ఒకసారి వస్తారా అండి?"

విజయ్ పాల్ బండి మీద వెళ్లేసరికి ఏరియేటర్లు నురగలు కక్కుతూ తిరుగుతున్నాయి. గట్టు పొడుగునా చచ్చిన రొయ్య తెల్లగా పేరుకుని ఉంది. అప్పారావు భార్య రాణి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి వాటిని బుట్టకెత్తుతోంది. ఆమె తలెత్తి చూడలేదు. అతను చెప్పులు విప్పి, ఎందుకు విప్పాడో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"పట్టుబడికొచ్చిన రొయ్యండి, ఇక పట్టి అమ్మడమేనండి," అన్నాడు అప్పారావు. గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. "మీ కంప్యూటరు ముందుగా ఏమీ చెప్పలేదాండి?"

"చెప్పిందండి."

"ఎవరికండి?"

"మాకేనండి."

"టీ తాగుతారా అండి?" అని అడిగాడు అప్పారావు. ఆ మాటకు విజయ్ పాల్ తల ఎత్తలేకపోయాడు.

ఆఫీసుకు వచ్చి మెయిల్‌బాక్సు తెరిచాడు. సూచన అక్కడే ఉంది. అన్యథా భావించవద్దని వేడుకుంటూ, ఫైలు ఎక్కించిన నిమిషం నుంచీ అదే మాట విసుగు లేకుండా చెబుతూ వచ్చింది. విచారణకు మర్యాద ఉపసంఘాన్నే నియమించారు. హెచ్చరిక సకాలంలో, తగిన గౌరవంతో, సరైన చిరునామాకే చేరిందనీ, వ్యవస్థ అన్ని విధాలా సక్రమంగా పనిచేసిందనీ ఉపసంఘం నిర్ధారించింది. అప్పారావు సంగతి పరిధిలోకి రాదంది. విజయ్ పాల్ సంతకం పెట్టాడు. పెన్ను ఒకసారి ఆగింది గానీ, ఎవరూ చూడలేదు.

"మరి రైతులకు ఏదో ఒకటి చెయ్యాలి కదండీ," అన్నారు రాజుగారు. "ఇకనుంచి ఆ సూచనలన్నీ వాళ్లకే పంపించేద్దామండి."

అలా కంపెనీలోని స్క్రిప్టులన్నింటి అనుమానాలూ ఆ వారం నుంచి అప్పారావు ఫోనుకు చేరసాగాయి. వారం తిరక్కుండానే అతను ఆఫీసుకు వచ్చి, ఫోను విజయ్ పాల్ చేతికిచ్చి, ఇవి రాకుండా ఆపడం ఎలాగండీ అని అడిగాడు.

విజయ్ పాల్ క్షణంలో ఆపేసి ఇచ్చాడు. ఈ ఒక్క పనిలో అతన్ని మించినవాడు జిల్లాలో లేడు.