గుడ్డలో కుట్టిన హార్డ్ డిస్కు

మా వదిన ఊపిరితిత్తులను పోగొట్టింది కార్మికుల ఆసుపత్రి సూపరింటెండెంటు గారే. చెడగొట్టింది ఆయన కాదు. ఆ పని స్పిన్నింగ్ మిల్లు చేసింది, ఏళ్ల తరబడి దూది దుమ్ము పట్టించి మరీ శ్రద్ధగా చేసింది. చెడినవాటిని భద్రంగా దాస్తానని మాటిచ్చి పోగొట్టింది మాత్రం ఈయన. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను. ఇప్పుడు అచ్చులో అంటున్నాను.

మిల్లు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు మందులూ, ఇంటికి ఆక్సిజన్ సిలిండరూ ఆ ఆసుపత్రే ఇవ్వాలి. కాకపోతే రోగం మిల్లులో ఉండగానే మొదలైందని మెడికల్ బోర్డుకు రుజువు చూపించాలి. రుజువంటే పాత ఎక్స్‌రే. అది లేకపోతే రోగం నిన్ననే పుట్టినట్టు లెక్క. వదిన మిల్లు మానేసింది కాబట్టి, నిన్న పుట్టిన రోగానికి మిల్లు బాధ్యత లేదు.

వదిన దగ్గర పాత ఎక్స్‌రేలు ఉండేవి, బీరువా మీద, ఒక పెద్ద కవరులో. ఆసుపత్రివాళ్లే వచ్చి పట్టుకుపోయారు. "ఇంట్లో ఉంటే చెమ్మకు పాడైపోతాయమ్మా. కంప్యూటర్లో ఎక్కిస్తాం, వెయ్యేళ్లున్నా చెక్కుచెదరవు" అన్నారు. ఎక్కించారు. వెయ్యేళ్లుండేవి చేతికొచ్చాక ఇవెందుకని ఫిల్ములు చెత్తలో పారేశారు. కార్మికులందరివీ అంతే.

ఆ కంప్యూటరు చచ్చినా నకలు బతికుండాలని, బయట తగిలించే హార్డ్ డిస్కు ఒకటి కొన్నారు. బుద్ధిమంతుల పనే. అయితే ఆ ఆసుపత్రికి ఒక ఆచారం ఉంది. ఖరీదైన వస్తువేది వచ్చినా స్టోరుకీపరు దాన్ని గుడ్డలో పెట్టి కుట్టి, కుట్ల మీద లక్కతో సీలు వేస్తాడు. ఆడిట్ వాళ్లు వచ్చి చూసేదాకా విప్పకూడదు. ఆ ప్రకారం కొత్త స్ట్రెచరు ఇప్పటికీ గుడ్డలోనే ఉంది, రోగుల్ని చేతుల మీద మోసుకెళ్తున్నారు. హార్డ్ డిస్కునూ డబ్బాతో సహా కుట్టేసి, సీలు కొట్టి, కంప్యూటరు పక్కనే ఎర్ర వెల్వెట్ దిండు మీద పెట్టారు. పక్కనుంటే చాలనుకున్నారు.

'బ్యాకప్ విఫలమైంది, డిస్కు కనబడలేదు' అంది కంప్యూటరు.

"కనబడకపోవడమేంటయ్యా, పక్కనే పెట్టుకుని?" అన్నారు సూపరింటెండెంటు గారు.

వెంటనే సాంకేతిక కమిటీ వేశారు. కార్మిక సంఘం తరఫున నన్నూ కూర్చోబెట్టారు, టీ తాగి తలూపుతానని. ఆసుపత్రి కంప్యూటరు ఇంజనీరు దీనికి పెద్ద దిక్కు. అందరూ ఆయన్ని రీస్టార్టు గారంటారు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు.

"ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేద్దాం సార్."

ఆపారు, ఆన్ చేశారు. కనబడలేదు. కొత్త కేబుల్ తెప్పించి, ఒక కొస కంప్యూటరుకు గుచ్చి, రెండో కొస దిండు మీద మర్యాదగా పడుకోబెట్టారు. కనబడలేదు. డిస్కుకు వేడి చేసిందేమోనని ఏసీ బిగించారు. వెలుతురు చాలట్లేదేమోనని ట్యూబులైటు మార్చారు.

"ఆ రెండో కొస ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగాను.

"డిస్కులో" అన్నారు రీస్టార్టు గారు.

"డిస్కు గుడ్డలో ఉంది కదా?"

"అది స్టోర్సు వ్యవహారం. మనది సాంకేతిక కమిటీ."

స్టోరుకీపరును పిలిపించాను. ఆయన నిజాయితీపరుడు. "సీలు విప్పితే నా ఉద్యోగం ఊడుతుంది. గుడ్డ మీంచి గుచ్చుకుంటానంటే గుచ్చుకోండి, నేనేం అనను" అన్నాడు.

చివరికి రీస్టార్టు గారికే ఉపాయం తట్టింది. ఆ కంప్యూటర్లోనే ఒక ఫోల్డరు తెరిచి, దానికి 'బయటి డిస్కు' అని పేరు పెట్టి, నకళ్లన్నీ అందులోకి పంపించారు. 'బ్యాకప్ విజయవంతమైంది' అంది కంప్యూటరు. కమిటీ చప్పట్లు కొట్టింది.

"ఇల్లు తగలబడుతుందని భయపడి సామానంతా పక్కగదిలోకి జరిపినట్టుంది" అన్నాను.

"ఆ గదికి 'బయట' అని పేరు పెట్టాం కదండీ" అన్నారాయన, నా అజ్ఞానానికి జాలిపడి.

ఈ ఘనతకు సూపరింటెండెంటు గారికి పైనుంచి ఒక షీల్డు వచ్చింది. దాన్నీ గుడ్డలో కుట్టేశారు.

తర్వాత కంప్యూటరు కాలిపోయింది. లోపలి గదీ, బయట అని పేరున్న గదీ కలిసే పోయాయి. సరిగ్గా ఆ వారమే వదినను బోర్డు పిలిచింది. బోర్డుకు పెద్ద కూడా ఆ సూపరింటెండెంటు గారే.

"పాత ఎక్స్‌రే ఏదమ్మా?"

"మీ దగ్గరే ఉందయ్యా."

"ప్రస్తుతం మా దగ్గర లేదు. లేదంటే రోగం కొత్తదన్నమాట."

వదిన దగ్గు ఆగేదాకా బల్ల పట్టుకుని నిలబడింది. "కొత్తదేనయ్యా. రోజూ కొత్తగానే వస్తోంది" అంది.

ఆయనకు దయ పుట్టింది. "నకలున్న డిస్కు సీలులో భద్రంగా ఉందిలే. ఆడిట్ అయ్యాక విప్పి చూద్దాం. అప్పటిదాకా నిబ్బరంగా ఉండు" అన్నారు. ఊపిరి అందని మనిషితో అన్న మాట ఇది.

వరండాలోకొచ్చి వదిన బెంచీ మీద కూలబడింది. "నా ఫిల్ములు నాకొదిలేస్తే, చెమ్మకో గిమ్మకో నా దగ్గరే పాడయ్యేవి కదయ్యా మరిదీ" అంది.

ఆ డిస్కు ఖాళీదేనని అందరికీ చూపిద్దామని నేను కట్టు కట్టే గది నుంచి కత్తెర తీసుకుని రికార్డు గదిలోకి వెళ్లాను. స్టోరుకీపరు అడ్డం పడ్డాడు, రీస్టార్టు గారు పడలేదు. కుట్లు కత్తిరించాను. డబ్బా తెరిచాను. అందులో బాత్‌రూము గోడకు వేసే తెల్ల టైలు ముక్క ఉంది.

"బరువు సరిపోవాలని పెట్టానండీ. అసలుది కుట్టకముందే సార్ పట్టుకెళ్లారు" అన్నాడు స్టోరుకీపరు.

గొడవ విని సూపరింటెండెంటు గారే వచ్చారు. టైలును చూశారు, నన్ను చూశారు. తొణకలేదు.

"పరీక్షించడానికి ఇంటికి తీసుకెళ్లాను. పరీక్షించకుండా ప్రభుత్వ వస్తువు ఎలా వాడతాం?"

"పనిచేస్తోందా సార్?" అన్నారు రీస్టార్టు గారు ఆశగా.

"బ్రహ్మాండంగా. మా అమ్మాయి పెళ్లి వీడియో మొత్తం పట్టింది. ప్రతి ఆదివారం నకలు తీస్తాను. ఒక్కసారీ ఫెయిల్ కాలేదు."

"కేబుల్ ఎలా పెడతారు సార్?"

"ఎలా ఏముంది, గుచ్చడమే. ఇంకో నకలు మా చెల్లెలి ఇంట్లో ఉంచాను. ఒకే ఇంట్లో పెట్టుకుంటే రేపు ఏదన్నా అయితే?"

గుమ్మం దగ్గర గోడకానుకుని వదిన అంతా విన్నది.

"పెళ్లి బాగా జరిగిందాండీ?" అని అడిగింది.

"బాగా జరిగిందమ్మా" అన్నారాయన.

అయ్యా, మీ అమ్మాయి పెళ్లి వీడియో మీద నాకు కోపం లేదు. అది కలకాలం ఉండాలి. నకలు తీయడం మీకు చేతకాదని ఇన్నాళ్లూ అనుకున్నాను, ఆ నింద వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతున్నాను, వినండి. ఎక్స్‌రేలు పోగొట్టింది మీరు, కాబట్టి రుజువులు తెమ్మని కార్మికుల్ని అడగడం ఈ రోజే మానేయండి. సోమవారం బోర్డుకు వదినను మళ్లీ పిలిచి, ఆమె దగ్గును కూర్చుని వినండి. దాన్ని ఏ డిస్కులోనూ ఎక్కించక్కర్లేదు, రోజూ తనంతట తానే తిరిగొస్తోంది. విన్నాక సిలిండరు ఇవ్వండి. గుడ్డలో కుట్టకుండా ఇవ్వండి.