ఎనిమిదో ప్రశ్న

ఆ ఉదయం డ్రాఫ్ట్స్‌మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు విచారణ అధికారి ఇంటికి వచ్చేలోగా ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, సీసా ఆకారంలో ఉన్నదేదీ ఇంట్లో కంటబడకుండా చేయాలి. ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వ కార్యాలయంలో నక్షాలు గీస్తున్న అతన్ని రహస్య పత్రాల విభాగానికి ఎంపిక చేశారు. భద్రతా అనుమతి రావడమే తరువాయి. దాని దరఖాస్తులో "మద్యం అలవాటుకు ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా?" అన్న ఎనిమిదో ప్రశ్నకు అతను "లేదు" అని రాశాడు. నిజానికి తీసుకున్నాడు. చుక్క ముట్టి పంతొమ్మిది నెలలైంది.

"ఉన్నదున్నట్టు రాస్తే పోయేదిగా?" అంది భార్య.

"నీకు తెలీదు. వాళ్ళు గోడల్ని కూడా అడుగుతారు," అంటూ అతను కిటికీలోంచి తొంగిచూశాడు. పక్కింటి రిటైర్డ్ మేష్టారు అరగంటగా పేపర్లో ఒకే పేజీ చదువుతున్నాడు. ఎందుకట?

దగ్గుమందు, వెనిగర్, తలనూనె, అన్నీ సంచిలోకి వెళ్ళాయి. ఆఖరున, పెన్నుల్లో గడ్డకట్టిన సిరా కడిగే స్పిరిట్ సీసా. దాని మూత వదులుగా ఉందని తెలిసేసరికి సగం అతని చొక్కా మీద ఒలికింది. చొక్కా సంగతి తర్వాత చూద్దామని సంచి గలగలలాడించుకుంటూ చెత్తకుండీకి పరుగెత్తాడు. దారిలో మేష్టారు ఎదురయ్యాడు.

"పొద్దున్నే ఇన్ని సీసాలేంటి బాబూ?"

"మందండీ... అంటే, దగ్గు మందు!"

మేష్టారు గాలి పీల్చాడు. "ఆఁ, మందే," అని తల పంకించి, ఇంట్లోకి వెళ్ళి ఫోనందుకున్నాడు.

డ్రాఫ్ట్స్‌మన్ తిరిగొచ్చేసరికి అధికారి అరగంట ముందే వచ్చి ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. కాఫీ ఇస్తున్న భార్య, భర్త దగ్గరికి రాగానే ముక్కుపుటాలు ఎగరేసి, కళ్ళతోనే నిలదీసింది.

"మీకు తాగే అలవాటుందా?" అధికారి కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు.

"వాసన కూడా పడదండీ."

అధికారి ఆ చొక్కా వైపు చూసి ఏదో రాసుకున్నాడు. అప్పుడే వీధి తలుపు తోసుకుంటూ భార్య అన్నగారు ఊడిపడ్డాడు. చేతిలో బట్టల సంచి.

"ఏమయ్యా బావా! పంతొమ్మిది నెలల కష్టాన్ని ఒక్క పూటలో తగలేశావా? మేష్టారు ఫోన్ చేయబట్టి సరిపోయింది. లే, పద. పోయినసారి ఇచ్చిన మంచమే ఇస్తామన్నారు ఆస్పత్రివాళ్ళు!"

డ్రాఫ్ట్స్‌మన్‌కు నేల చీలితే బాగుండుననిపించింది. కానీ నేల చీలలేదు. దాంతో అతను చతికిలబడి సీసాలు, స్పిరిట్, దగ్గుమందు, ఎనిమిదో ప్రశ్న, అన్నీ ఏకరువు పెట్టాడు. భార్య వెళ్ళి చెత్తకుండీలోంచి స్పిరిట్ సీసా తెచ్చి బల్లమీద పెట్టింది. అధికారి వాసన చూసి, ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. అది ఆస్పత్రి ఇచ్చిన చికిత్స పత్రం.

"ఇది మా దగ్గర రెండు నెలలుగా ఉంది. తాగి మానేశారని మీకు మంచి మార్కులే పడ్డాయి. మేం పట్టుకు కూర్చున్నది మీరు రాసిన 'లేదు'నే. దాచేవాడిని ఎవరైనా బెదిరించి పని చేయించుకోవచ్చు కదండీ," అంటూ కొత్త దరఖాస్తు ముందుకు తోశాడు. "ఇప్పుడు రాయండి."

డ్రాఫ్ట్స్‌మన్ రాశాడు. వెనక పేజీ కూడా కావలసి వచ్చింది.

అనుమతి నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. అతను రహస్య పత్రాల విభాగంలో చేరేనాటికి, అతని గురించి ఆ వీధికి తెలియని రహస్యం ఒక్కటీ మిగల్లేదు.