రిజిస్టర్లోని తొంభై సెకన్లు

గోనె లింబాద్రి మీద పోటీకి ఇరవై నాలుగేళ్ల గోనె లింబాద్రి మూడు నెలల తర్వాత సైకిల్ మీద హాజరవుతాడని కార్పొరేషన్ ఆఫీసు మెమో పంపింది. మెమో అందుకున్న లింబాద్రికి నలభై ఆరేళ్లు. అందినట్టు సంతకం పెట్టి, ఒక జిరాక్స్ తీయించుకుని, మధ్యాహ్నం ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా విప్పాడు.

ఇందులో వింతేమీ లేదు. ఆ కార్పొరేషన్‌లో ప్రతి ఉద్యోగీ సర్వీసులో ఒకసారి తన రికార్డుతో తలపడాల్సిందే. పాత రిజిస్టర్ తెరిచి సూపరింటెండెంట్ ముద్ర వేస్తే, ఆ పేజీలో రాసి ఉన్న మనిషి బయటికి వస్తాడు. ఎవరు గెలిస్తే వారిదే సీటు. పేరు, ఆధార్, సర్వీసు బుక్కు ఇద్దరికీ ఒకటే కనుక బదిలీ ఉత్తర్వుల బెడద కూడా లేదు. కిందటేడు టైపిస్టు సుగుణమ్మ తన పందొమ్మిదేళ్ల వేళ్ల చేతిలో ఓడిపోయింది. ఇప్పుడు ఆ పిల్ల టైపు కొడుతోంది, సుగుణమ్మ రికార్డు రూంలో బీరువాల మధ్య కూర్చుంటోంది.

లింబాద్రిది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. సైకిల్ తొక్కినందుకు ఇచ్చారు. ఇచ్చాక మళ్లీ సైకిల్ తొక్కడానికి ఒక్కరోజు సెలవివ్వలేదు. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో కూర్చోబెట్టి ఇరవై రెండేళ్లు కాగితాల మీద ముద్రలు వేయించారు. పైఅధికారి ఇంటికి గ్యాస్ బండ కావాల్సినప్పుడు మాత్రం అతను క్రీడాకారుడన్న సంగతి అందరికీ గుర్తొచ్చేది.

తెల్లవారగానే బైపాస్ రోడ్డు మీద సాధన మొదలుపెట్టాడు. పోటీదారుకూ సాధనకు అనుమతి ఉంది కాబట్టి చిన్న లింబాద్రి కూడా వచ్చేవాడు, నూనె పెట్టిన జుట్టుతో, ఇంకా రంగు పోని సైకిల్ మీద.

"మోకాలుకేమైంది?" అని అడిగాడు మొదటిరోజు.

"ఆఫీసు మూడో అంతస్తుల ఉంటది," అన్నాడు లింబాద్రి.

"లిఫ్టు లేదా?"

"ఉంది. అది సార్లకు."

ఎంత దూరం తొక్కినా వాడికి ఆయాసం రాకపోవడం లింబాద్రి వారం రోజులకు గమనించాడు. వయసు కారణం కాదు. ఆ వయసులో తను ఎంత రొప్పాడో తనకు తెలుసు. చెరువుగట్టు దాటగానే వాంతి చేసుకున్న మాట కూడా గుర్తుంది. అప్పుడు అసలు విషయం తట్టింది.

ఉద్యోగం తెచ్చిపెట్టిన ఆనాటి పోటీలో ఇరవై కిలోమీటర్లకు అతనికి పట్టింది ముప్పై ఐదు నిమిషాల నలభై సెకన్లు. రిజిస్టర్లో ఉన్నది ముప్పై నాలుగు నిమిషాల పది. మన ఊరి పిలగాడు, నౌకరి రానీ అని స్టాప్‌వాచ్ పట్టుకున్న పీటీ సార్ నారాగౌడ్ తొంభై సెకన్లు తగ్గించి రాశాడు. ఆ తొంభై సెకన్లు ఏ కాళ్లూ తొక్కలేదు, కాబట్టి వాటికి ఆయాసమూ లేదు. పేజీలోంచి వచ్చింది పేజీలో రాసినవాడే.

రిటైరైన నారాగౌడ్‌ను వెతుక్కుంటూ వెళ్లి, వచ్చి నిజం చెప్పమని బతిమాలాడు.

"చెప్త. చెప్తె రికార్డు తప్పని నౌకరే రద్దయితది," అన్నాడు నారాగౌడ్. "నీదీ పోతది, వానిదీ పోతది. ఇద్దరు లింబాద్రులు రోడ్డు మీద పడ్తరు. నీ బిడ్డ ఫైనలియర్ల ఉన్నది గద."

లింబాద్రి ఛాయ్ తాగి వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఇంకా పొద్దున్నే లేచాడు. మోకాలికి గుడ్డ చుట్టుకుని, కోపంతో తొక్కాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే సీటు పోతుంది. ఇక చేతిలో ఉన్నది పెడల్ ఒక్కటే.

పోటీ రోజున ముప్పై ఐదు నిమిషాల ఇరవై సెకన్లకు గీత దాటాడు. ఇరవై నాలుగేళ్లప్పుడు నిజంగా తొక్కినదానికంటే ఇరవై సెకన్లు ముందు. జీవితంలో అంత వేగంగా ఎన్నడూ తొక్కలేదు. రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు, సంతోషంతోనే. చిన్న లింబాద్రి అప్పటికి డెబ్బై సెకన్ల కిందటే గీత దాటి, సైకిల్‌కు స్టాండు వేసి, చెమట లేని ముఖాన్ని ఊరికే తుడుచుకుంటున్నాడు.

సూపరింటెండెంట్ ఫలితం ప్రకటించాడు. "నా టైం ఎక్కడ రాస్తరు సార్?" అని లింబాద్రి అడిగితే ఫారం తిప్పి చూసి, "ఓడినోళ్లకు కాలమ్ లేదయ్యా," అన్నాడు. ఆయన మంచివాడే, ఫారంలో నిజంగానే లేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో ఇద్దరు లింబాద్రులూ పీటల మీద కూర్చున్నారు. భార్య గంగామణి అన్నం గిన్నె తెచ్చింది. రాత్రి లింబాద్రి ఆమెకు అంతా చెప్పాడు.

"అయితే నిజంగ నువ్వే గెల్చినవా?" అంది నెమ్మదిగా.

"నేనే గెల్చిన."

"ఎవలకన్న చెప్పినవా?"

"చెప్పలె."

"మంచి పని చేసినవ్," అని గంగామణి మొదటి ముద్ద డ్యూటీకి వెళ్లేవాడి పళ్లెంలో పెట్టింది. లింబాద్రికీ అది సబబుగానే తోచింది. వాడు తినేదాకా ఆగాడు.