ఊడ్వని వాకిలి

ఆ పొద్దున రమ ఇంటి ముందు మంచు పేరుకుని ఉంది. జర్మనీలోని ఆ చిన్న ఊళ్ళో ఎవరి ఇంటి ముందు దారిని వాళ్ళే పొద్దున్నే శుభ్రం చేసుకోవాలి. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే రమ డ్యూటీకి బయలుదేరుతూ, సిరిసిల్ల నుంచి తనను చూడడానికి వచ్చిన తల్లి చేతికి పార అందించింది.

"అమ్మా, నేను పోంగనే గీ మంచు పక్కకు నూకు. ఎవలన్న జారిపడితే మన మీదికే అస్తది."

"నూకుత గని, చేరినంక ఫోన్ జెయ్యి. పైలం బిడ్డా," అంది సత్యవ్వ.

రమ బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయింది. సత్యవ్వ పార ఎత్తబోయి ఆగింది. రాత్రి కురిసిన మంచులో గడప నుంచి మలుపు దాకా కూతురి అడుగులు వరుసగా ఉన్నాయి.

మనిషి ఇల్లు దాటగానే వెనకాలే ఊడ్వకూడదు. చేరినట్టు కబురు వచ్చాకే చీపురు పట్టాలి. సత్యవ్వకు ఇందులో అనుమానమే లేదు. తమ్ముడు బుచ్చన్న మస్కట్ పోవడానికి కోరుట్లలో బస్సెక్కిన పొద్దున ఎవరో తొందరపడి వాకిలి ఊడ్చారు. బుచ్చన్న మళ్ళీ రాలేదు. భర్త దశరథం భీవండి మిల్లుకు పోయిన ప్రతిసారీ ఆమె వాకిలిని చెత్తతో అలాగే ఉంచింది. దశరథం ప్రతిసారీ తిరిగొచ్చాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

ఫోన్ పట్టుకుని గడపలో నిలబడింది. ఎంతకీ మోగలేదు.

పక్కింటి ముసలాయన హెర్మన్ తన వాకిలి శుభ్రం చేసుకుని, ఈవిడకు చేతకావడం లేదనుకుని పారతో ఇటు వచ్చాడు. సత్యవ్వ వద్దని రెండు చేతులూ ఊపింది. మొహమాటపడుతోందనుకుని ఆయన ఇంకో అడుగు వేశాడు. సత్యవ్వ లోపలికి ఉరికి పాత చీర తెచ్చి, గేటుకూ దీపస్తంభానికీ అడ్డంగా కట్టేసింది. మగ్గం మీద తెగిన పోగులు ముడివేసిన చేతులు. ముడి గట్టిగానే పడింది.

"నీకు దండం పెడుత అన్నా. మా పిల్ల ఇంక చేరలే. అడుగులు ముట్టకు."

భాష అందదని అడుగులు చూపించింది, దూరంగా చెయ్యి విసిరింది, కొంగుతో కళ్ళొత్తుకుంది. హెర్మన్ అడుగులు చూశాడు, అడ్డం కట్టిన చీర చూశాడు, ఆ కన్నీళ్ళు చూశాడు. ఎవడో ఇంట్లో సొమ్ము ఎత్తుకుని పారిపోయాడని తేల్చుకుని పోలీసులకు ఫోన్ చేశాడు.

వచ్చిన ఇద్దరు పోలీసులు అడుగులకు ఫోటోలు తీశారు. చీర పక్కనే, ఎవరూ దాటకుండా కట్టే తమ పట్టీ కూడా కట్టారు. సత్యవ్వ మనసు కుదుటపడింది. వీడియో కాల్‌లో దశరథానికి చూపించింది.

"చూసినవా? గీ దేశంల సర్కారే కాపలా పెట్టింది."

"వాళ్ళకు చాయ్ పోసినవా మరి?"

పోసింది. అంత కష్టంలోనూ మర్యాద మరవని ఆవిడను చూసి పోలీసులు జాలిగా తాగారు. తర్వాత అడుగుల వెంబడి బస్సు స్టాపుకు, అక్కడ విచారించి ఆసుపత్రికి వెళ్ళారు. కాసేపటికి పోలీసు కారు వెనక సీట్లోంచి నర్సు బట్టల్లో రమ దిగింది.

"ఏందమ్మా ఇది? పేషెంట్ల ముంగట నా బూట్లు ఇడిపిచ్చి కొలిచిన్రు."

"ఫోనెందుకు జెయ్యలే?"

"డ్యూటీల ఫోన్ లాకర్ల ఉంటది. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"అయితే మంచిగనే చేరినవు," అంటూ సత్యవ్వ పార అందుకుని వాకిలంతా శుభ్రంగా నూకేసింది. రమ పోలీసులకూ హెర్మన్‌కూ జర్మన్‌లో సంగతంతా వివరించేసరికి అంత చలిలోనూ ఆమెకు చెమట పట్టింది. పోలీసులు నవ్వకుండా విని, తమ పట్టీ చుట్టుకున్నారు. చీర ముడి మాత్రం వాళ్ళతో కాలేదు. సత్యవ్వే విప్పింది.

ఆమె సిరిసిల్లకు తిరిగి బయలుదేరిన పొద్దున మళ్ళీ మంచు పడింది. తీయాల్సింది ఇక రమే. తల్లిని విమానం ఎక్కించి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది. తన పెద్ద అడుగుల పక్కన గడప నుంచి చిన్న చిన్న అడుగులు, దగ్గర దగ్గరగా. హెర్మన్ పారతో సాయానికి వచ్చాడు. రమ చెయ్యి అడ్డం పెట్టింది.

హెర్మన్ ఈసారి పోలీసులను పిలవలేదు. పార గోడకు ఆనించి, సిరిసిల్ల ఎంత దూరమని అడిగాడు.